బయాలజీ అని అడిగినందుకు

2013 నవంబర్ 18

సమజ్ కాదు. అవును, నాకు కాదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాడికి ఎంసెట్ పుస్తకం ఏదో ఎలా సమజవుతుంది? అంత తెలిసినదానివి నువ్వే పోయి తెచ్చుకోవాల్సింది. లేకపోతే చేతిలో చీటీ పెట్టి పంపాల్సింది. “మెడిసిన్ ఎంట్రన్సుకు ప్రాక్టీసు పుస్తకం తే అన్నా” అని ఒక్క మాట అనేసి లోపలికి పోతే నేనేం చేయాలి?

నిన్న ఈ మాటలేవీ నోటికి రాలేదు. ఇప్పుడు వస్తున్నాయి. మౌనిక నల్లా దగ్గర బట్టలు పిండుతోంది. వినాల్సిన మనిషి అక్కడ, మాటలు ఇక్కడ కాగితం మీద.

జరిగింది ఇంతే. కోఠీలో పుస్తకాల దుకాణం. మెడిసిన్ ఎంట్రన్సుకు బయాలజీ కావాలన్నాను. దుకాణంవాడు అడిగాడు — “ఆల్ ఇండియాకా అన్నా?” దేశం మొత్తానికి పనికొచ్చేదైతే మన జిల్లాకు పనికిరాదా అనుకున్నాను. “ఆ, పెద్దదే ఇయ్యి” అన్నాను. ఇచ్చాడు. సిమెంటు ఇటుక అంత ఉంది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. అట్ట కనిపించేటట్టు పెట్టుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పను.

మౌనిక తెరిచింది. రెండు పేజీలు తిప్పి మూసింది. మొత్తం ఇంగ్లీషు.

“గిది మన పరీక్ష కాదన్నా. మనకు బయాలజీ అనేదే లేదు.”

“బయాలజీ లేకుండ డాక్టర్ ఎట్లయితరే?”

“బాటనీ, జువాలజీ. రెండు వేరే వేరే. ఇంటర్ల బయాలజీ అని ఎవ్వరనరు.”

బాపు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. ఎయిర్‌పోర్టు లాన్లలో గడ్డి కోసి వచ్చిన మనిషి, ఒళ్ళంతా పచ్చి వాసన. ఇంట్లో ఆయన నవ్వేది నా ఒక్కడి మీదే. “ఎవ్వరెందుకనరు? బడి ఎగ్గొట్టినోడు అంటడు” అన్నాడు. అప్పుడు మౌనిక — “తొమ్మిదిల ఇడిషిపెట్టినోనివి, నీకేం సమజైతదన్నా.”

మా బడిలో జీవశాస్త్రం ఒకటే పుస్తకం. చెట్టూ కప్పా ఒకే అట్ట లోపల ఉండేవి. వాటిని ఎప్పుడు విడదీశారో నాకెవరూ చెప్పలేదు.

నవంబర్ 19

పుస్తకం బియ్యం డబ్బా మీద పెట్టింది. దాని మీద కూరగాయల బుట్ట పెట్టింది. కావాలనే పెట్టింది.

నవంబర్ 22

కోఠీ మళ్ళీ పోయాను. మార్చి ఇవ్వమన్నాను. “కొన్నది మార్చం అన్నా, బోర్డు చూడలేదా.” బోర్డు చూడలేదు. చూసినా అడిగేవాడినే. గట్టిగా అడిగాను. వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలు ఫోన్లు తీసి నన్ను చూస్తున్నారు. చివరికి వాడే తగ్గాడు. ఎంసెట్‌కు తెలుగు మీడియం బాటనీ ఒకటి, జువాలజీ ఒకటి, బిట్ బ్యాంకులు ఇస్తానన్నాడు.

తెలుగు మీడియం ఎక్కడుందంటే మెట్ల కింద. చీపురు పక్కన. కూర్చుని ఏరుకోవాలి. అట్టలన్నీ ఒకేలా ఉన్నాయి — స్టెతస్కోపు వేసుకున్న అమ్మాయి, అన్నింటి మీదా అదే అమ్మాయి. దేన్ని బట్టి ఏరాలి? నాకు తెలిసిన పని ఒకటే, బయటికి చదివి చూడటం. నోటికి తిరిగేది మంచిది, నోట్లో ఇరుక్కునేది చెడ్డది. అలా చదువుతూ కూర్చున్నాను. “అన్నా, గిది లైబ్రరీ కాదు” అన్నాడు దుకాణంవాడు. “మీ చెల్లె పరీక్ష రాస్తదా, మా చెల్లె రాస్తదా?” అన్నాను.

‘కొత్త సిలబస్ ప్రకారం’ అని ఎర్ర అక్షరాలతో ఉన్న రెండు తెచ్చాను. మౌనిక తిరగేసింది. ఒక పేజీ దగ్గర ఆగింది. “మంచిగున్నయన్నా” అంది. చూశావా మరి.

నవంబర్ 25

మొన్న ఎండాకాలం రాసిన పరీక్షలో ర్యాంకు రాలేదు ఆమెకు. ఆమెతో పాటు చదివినవాళ్ళు లాంగ్ టర్మ్ కోచింగ్ అని హాస్టళ్ళకు పోయారు. మా ఇంట్లో ఆ ముచ్చట ఎవరూ ఎత్తలేదు, మౌనిక కూడా. ఇంట్లో కూర్చుని చదువుతానంది. బాపు ఒప్పుకున్నాడు, ఇదొక్క ఏడాదికి. మళ్ళీ రాకపోతే ఇంకో పరీక్ష అనకూడదని చెప్పాడు, ఆమె చేత తల ఊపించాడు.

కాబట్టి ఏ పుస్తకం ఇంట్లోకి వస్తే అదే ఆమెకు సారు. అది తెచ్చింది నేను.

డిసెంబర్ 3

మధ్యాహ్నం గిరాకీ లేదు. ఎయిర్‌పోర్టు పార్కింగులో ఎండకు కూర్చునే బదులు నేను నడిపే ట్యాక్సీ కారు ఇంటికి తెచ్చాను. తిండి తిని, పుస్తకం నేను పట్టుకున్నాను. ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. నేను ప్రశ్న చదవడం, ఆమె జవాబు చెప్పడం.

కింది వాటిలో సరికానిది. కింది వాటిలో సరికానిది. ఎప్పుడూ సరికానిదే ఎందుకు అడుగుతారు వీళ్ళు? సరైనది అడిగితే ఏం పోయింది?

“సక్కగ సదువన్నా. అంతశ్చర్మం వేరే, అంతస్త్వచం వేరే.”

“రెండు లోపటి తోలే గదనే.”

“ఒకటి చెట్టు తోలు. ఒకటి జంతువుది. గందుకే రెండు పుస్తకాలు.”

ఇంకో చోట క్లోమం అని వచ్చింది. క్లోమం అంటే తిల్లి అని చెప్పాను. మటన్ దుకాణంలో పనిచేసినవాడిని, నాకు తెలియదా. “తిల్లి అంటే ప్లీహం. క్లోమం వేరే” అంది. “మా దుకాణంల గుర్దా అమ్మినం, కలేజా అమ్మినం, బొక్కలు గూడ అమ్మినం. క్లోమం ఇయ్యన్నా అని ఎవ్వడు రాలే” అన్నాను.

నవ్వింది. చేటలో ఏరిన రాళ్ళు మళ్ళీ బియ్యంలో పడ్డాయి.

డిసెంబర్ 9

రోజూ మధ్యాహ్నం ఇంటికే. ఓనర్ ఫోన్ చేస్తే టైరు పంక్చరన్నాను. నిన్నా అదే చెప్పాను. కొత్త సాకు వెతకాలి.

డిసెంబర్ 20

ముందు పోర్షన్‌లో కిరాయికి ఉండే మూర్తి సార్ ఇవాళ సెలవు. తణుకు దిక్కు మనిషి, ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్తాడు. మేము వసారాలో చదువుతుంటే గడపలో నిలబడి విన్నాడు. వినమని ఎవరన్నారు?

“ఏం పుస్తకం అమ్మా అది, ఓసారి ఇలా ఇవ్వండి.”

మౌనిక నా చేతిలోది తీసి ఇచ్చింది, పక్కనున్న రెండోది కూడా. అడగకుండానే తీసింది. సార్ అట్ట చూశాడు, లోపల చూశాడు, మళ్ళీ అట్ట చూశాడు.

“అట్ట మీద కొత్త సిలబస్ అని వేశాడు గానీ లోపల సరుకు పాతదేనండి. పాఠాల పేర్లు మార్చి బిట్లు అలాగే వదిలేశాడు. ఈసారి పరీక్ష కొత్త పుస్తకాల మీద కదా.”

“మీరు జువాలజీ సార్. బాటనీ సంగతి మీకెందుకు” అన్నాను.

“రెండోది కూడా చూశానండి. అదీ అంతే.”

మౌనిక వైపు చూశాను. ఆమె చేటలోకి చూస్తోంది. అప్పుడు అనుమానం వచ్చింది.

“నీకు తెల్సా?”

చేటలోంచి రాయి ఒకటి తీసి పక్కన పెట్టింది.

“తెల్సా అంటున్న.”

“తెల్సు.”

“ఎప్పటిసంది?”

“తెచ్చిన దినమే. నువ్వు రెండుమార్లు తిరిగినవ్ గదన్నా… నీ మనసు కష్టమైతదని.”

డిసెంబర్ 21

కోపం వస్తుందని దాచి ఉంటే పరవాలేదు. కోపానికి భయపడితే అందులో మర్యాద ఉంది. మనసు కష్టమవుతుందట. పసిపిల్లాడి చేతిలో గిలక పెట్టి కూర్చోబెట్టినట్టు నా చేతిలో పుస్తకం పెట్టి కూర్చోబెట్టింది. ఇన్ని మధ్యాహ్నాలు ఆమె పరీక్షకు చదవలేదు. నా సంతోషానికి చదివింది.

“మొత్తం పాతది కాదన్నా, సగం పాఠాలు పనికొస్తయ్” అంది పొద్దున. సగం అంట.

కారు తీసుకుని పోయాను. మధ్యాహ్నం ఇంటికి పోలేదు.

డిసెంబర్ 27

ఎయిర్‌పోర్టు నుంచి ఒక అమ్మాయి ఎక్కింది, తెల్లకోటు చేతి మీద వేసుకుని ఉంది. మెడికల్ కాలేజీకి అంది. అడగకుండా ఉండలేకపోయాను — “మేడమ్, ఎంట్రన్సుకు ఏ మెటీరియల్ సదివిన్రు?”

చెవిలోంచి వైరు తీసింది. “ఏంటి?”

మళ్ళీ అడిగాను.

“నాది మేనేజ్‌మెంట్ సీటండి” అంది. వైరు మళ్ళీ పెట్టుకుంది.

ఏ స్పీడ్ బ్రేకరు దగ్గరా బ్రేకు వేయలేదు నేను.

2014 జనవరి 6

సార్ తన కాలేజీ మెటీరియల్ తెచ్చి మౌనికకు ఇచ్చాడు. కుట్టిన కాగితాలు, కట్టలు కట్టలు. ప్రతి పేజీ మీదా కాలేజీ పేరు, కింద ఫోన్ నంబరు. “బయటివాళ్ళకి ఇవ్వకూడదమ్మా ఇది. ఎవరికీ చూపించకు, జిరాక్సు తీయించకు. నా ఉద్యోగం మీదకి వస్తుంది” అన్నాడు. మౌనిక రెండు చేతులతో తీసుకుంది.

అదీ ఇంగ్లీషే.

“తెల్గుల లేదా సార్?” నేనే అడిగాను.

“తెలుగులో మా కాలేజీ వేయదండి. అయినా రేపు సీటొస్తే ఇంగ్లీషులోనే కదా చదవాలి. ఇప్పుడే అలవాటైతే మంచిది.”

“తెల్గుల సదివినోళ్ళు డాక్టర్లు కాలేదా?”

“అయ్యారండి. బోలెడుమంది.”

అంతే అన్నాడు. పోట్లాడే మనిషి అయితే బాగుండేది. ఒక మాట అంటే ఒక మాట అనాలి కదా. మెత్తగా అనేసి చెప్పులు విడిచి లోపలికి పోతాడు. మెత్తని మనుషులను ఎక్కడ పట్టుకోవాలో తెలియదు.

జనవరి 20

వారం పైనే మధ్యాహ్నం ఇంటికి పోలేదు. ఇవాళ పోయాను. గోడకు ఆనుకుని నోట్లోనే అనుకుంటోంది — ఎండోడెర్మిస్, ఎండోడెర్మ్. ఎండోడెర్మిస్, ఎండోడెర్మ్.

“ఇయ్యి, నేనడుగుత” అని కాగితాలు తీసుకున్నాను. అక్షరాలు వస్తాయి నాకు. కూడబలికితే మాట కూడా వస్తుంది. నేను ఒక్క ప్రశ్న కూడబలికేసరికి ఆమె నాలుగు జవాబులు రాసుకోవచ్చు. రెండో ప్రశ్న సగంలో ఉండగా మెల్లగా చెయ్యి చాపింది. ఇచ్చేశాను.

“నువ్వు తిని పో అన్నా, గిరాకీ పోతది” అంది.

గిరాకీ గురించి ఎప్పుడన్నా అడిగిందా ఈ పిల్ల.

జనవరి 29

సార్ పెట్టిన మోడల్ టెస్టులో చాలా పోయాయి. తెలుగులో ఎప్పుడూ తప్పనివి కూడా తప్పింది. కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

“జవాబులన్నీ తెల్సన్నా. ప్రశ్ననే తెలుస్తలేదు.”

ఒక మాట నాలుక మీదికి వచ్చింది. అనలేదు. అనకపోయినా ముఖంలో కనిపించి ఉంటుంది. “గట్ల చూడకు” అంది.

ఫిబ్రవరి 2

ఇంట్లో లొల్లి. బాపు ఎవరి దగ్గరో విని వచ్చాడు.

“గదే పరీక్షల అగ్రికల్చర్ సీటు గూడ వస్తదంట గదా. రాజేంద్రనగర్ల కాలేజి. బుద్వేల్ దాటితే అయిపాయె. పొద్దుగాల పోయి మాపటికి ఇంటికొస్తది. గంత పెద్ద ర్యాంకు గూడ అక్కర లేదంట.”

“నాకు మెడిసినే కావాలె” అంది మౌనిక.

“వ్యవసాయం సదువు గాదా? గడ్డి సుత సదువే ఆడ.”

“నువ్వు కోస్తున్నవ్ గద బాపు గడ్డి. ఇంట్ల ఒకరు చాలదా.”

బాపు చెయ్యి కడుక్కున్నాడు. అన్నం సగం ఉంది. ఆయన మీద ఆ మాట నేను అని ఉంటే చెప్పుతో కొట్టేవాడు. ఆమె అంటే చెయ్యి కడుక్కున్నాడు. అమ్మ కంచం తీసుకుని లోపలికి పోయింది.

ఈ లొల్లి ఆ ఇంగ్లీషు కాగితాల వల్లే. మార్కులు తగ్గబట్టే బాపుకు నోరు లేచింది. నా లెక్క అది.

ఫిబ్రవరి 16

చేసింది రాసిపెడుతున్నాను. తప్పు అని రాయడం లేదు.

ఆదివారం. సార్ వసారాలో కూర్చుని మౌనిక రాసింది దిద్దుతున్నాడు. నేను కారు కడుగుతున్నాను. నాకు వినబడుతుందని తెలియదో, వినబడినా ఏమవుతుందిలే అనుకున్నాడో.

“ఆ బిట్ బ్యాంకుతో నెలన్నర పోయిందమ్మా నీకు. అప్పుడే నా దగ్గరికి రావాల్సింది. మీ అన్నయ్యకి మాత్రం ఏం తెలుస్తుంది, పాపం.”

పాపం.

తిట్టి ఉంటే తిట్టేవాడిని. మొద్దు అని ఉంటే నువ్వే మొద్దు అనేవాడిని. పాపం అంటే ఏమనాలి తిరిగి? నీళ్ళ పైపు కింద పడేశాను. పోయి ఎదురుగా నిలబడ్డాను.

“సార్, గా కాగితాల మీద మీ కాలేజి పేరున్నది గద.”

“ఉంటుందండి.”

“ఫోన్ నంబర్ గూడ ఉన్నది.”

సార్ కలం ఆగింది. “అంటే?”

“ఏం లే. నంబర్ ఉన్నదంటున్న. గంతే.”

నన్ను చూశాడు, మౌనికను చూశాడు. కలానికి మూత పెట్టాడు. దిద్దిన కాగితం ఆమెకు ఇచ్చి, లేచి, లోపలికి పోయాడు. తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నాడు. అప్పుడు కూడా మెత్తగానే.

పైపు నీళ్ళు వసారా దాకా పారాయి.

ఫిబ్రవరి 17

సార్ భార్య వచ్చి కాగితాలన్నీ అడిగి తీసుకుపోయింది. “ఏమీ అనుకోకమ్మా, మా పిల్లల బతుకు కూడా చూసుకోవాలి కదా” అంది. మౌనిక ఒక్కొక్క కట్టా తెచ్చి ఇచ్చింది. సగంలో ఉన్న కట్టకు పేజీ గుర్తు పెట్టిన దారం కూడా తీయలేదు.

ఫిబ్రవరి 18

మాట లేదు. అన్నం నేనే పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 19

మాట లేదు.

ఫిబ్రవరి 24

ఫోన్ చేసేవాడినా నేను? చేయను. ఒకడి తిండి మీద కొట్టేంత మనిషిని కాను. ఆ సంగతి సార్‌కు తెలియకపోతే పోయింది, ఆ మనిషి నిన్న మొన్న వచ్చాడు. ఒకే కంచంలో తిన్న చెల్లెలికి తెలియదా? అదే అడిగాను ఇవాళ. అటు తిరిగి ఉంది, వీపుకే చెప్పాను.

“నేను నిజంగ జేస్తనా ఫోను?”

“సార్‌కెట్ల తెలుస్తది” అంది. వారం తర్వాత మొదటి మాట. అంతే, చీపురు తీసుకుని బయటికి పోయింది.

సాయంత్రం కోఠీ పోయాను. కొత్తది తెచ్చి ఎదురుగా పెడితే మాట్లాడక ఏం చేస్తుంది అనుకున్నాను. మెట్ల కింద కూర్చున్నాను. ఒకటి తీశాను, పెట్టాను. ఇంకోటి తీశాను, పెట్టాను. అట్ట చూస్తే నమ్మకం లేదు, లోపల చూస్తే తెలివి లేదు. దుకాణంవాడు నన్ను గుర్తు పట్టాడు. “ఇయ్యాల సదువుతలేవేందన్నా బయటికి?” అన్నాడు.

ఉత్త చేతులతో వచ్చాను.

మార్చి 5

పొద్దున కారు తుడుస్తుంటే మౌనిక వచ్చి నిలబడింది.

“సార్ తోని మాట్లాడిన. ఒప్పుకున్నడు.”

“దేనికి?”

“కాగితాలియ్యడు. మన ఇంట్ల కూసోబెట్టి తనే చెప్తడంట. బాటనీకి గూడ వాళ్ళ కాలేజి సార్‌ను అడిగి ముఖ్యమైన ప్రశ్నలు తెలుసుకొస్తనన్నడు. దినాం నాలుగింటికి, కాలేజి నుంచి రాంగనే.”

“మంచిదే గదా.”

“ఒక్కటే అన్నడు.”

“ఏంది?”

“నువ్వు ఇంట్ల ఉండొద్దంట. మీ అన్నయ్య ఉంటే నేను చెప్పలేనమ్మా అన్నడు.”

గుడ్డ బకెట్లో వేశాను. మా ఇల్లు. మా తాత రాళ్ళు మోసి కట్టిన ఇల్లు. దానిలో నేను ఏ వేళ ఉండాలో, ఏ వేళ ఉండకూడదో కిరాయికి ఉన్నవాడు చెప్తాడు.

“నువ్వేమన్నవ్?”

“సరే అన్న.”

నన్ను అడగలేదు. అడిగే పని లేదన్నట్టు చెప్పింది. బాపు గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ విన్నాడు. “ఇంట్ల ఉండురా శైలం అంటే ఎన్నడన్న ఉన్నవా? ఇప్పుడు పొమ్మంటే ఇల్లు గుర్తుకొచ్చిందా” అన్నాడు. డ్యూటీకి పోయాడు.

మార్చి 7

పోను. చూద్దాం ఏం చేస్తాడో.

మార్చి 8

పోలేదు నిన్న. ఇంట్లో కూడా లేను, మాట మాటే — గేటు బయట కారులో కూర్చున్నాను. సీటు వెనక్కి వాల్చుకుని. రోడ్డు ఎవడి అబ్బ సొమ్మూ కాదు కదా.

సార్ స్కూటరు మీద వచ్చాడు. కారు చూశాడు. కాలు కింద పెట్టి కాసేపు నిలబడ్డాడు. స్కూటరు తిప్పుకుని వచ్చిన దారినే పోయాడు.

మౌనిక చాప పరిచి కూర్చుని ఉంది. చీకటి పడ్డాక చాప చుట్టింది. అరవలేదు. “నాడీ వ్యవస్థ ఉండె ఇయ్యాల. పోయింది” అంది. పక్కింటివాళ్ళకు చెప్పినట్టు చెప్పింది.

మార్చి 12

పోతున్నాను రోజూ. గిరాకీ దొరికితే సరే. దొరకకపోతే శ్రీశైలం రోడ్డు పట్టుకుని మంఖాల్ దాకా పోయి, రోడ్డు పక్కన నీడ చూసి ఆపుకుంటాను. పైన విమానాలు దిగుతుంటాయి, కడుపులు కనిపించేంత కిందికి. సీటు వాల్చుకుని చూడటం. తిట్టుకోవడం. సార్‌ను, దుకాణంవాడిని, అట్ట మీది స్టెతస్కోపు అమ్మాయిని.

ఓనర్ ఫోన్ — “ఏం శైలం, ఈ మధ్య సాయంత్రం పూట బాగ తిరుగుతున్నవ్, శభాష్.”

ఈ మొత్తంలో నాకు దొరికిన మెచ్చుకోలు అదొక్కటే.

మార్చి 26

అమ్మ చెప్పింది — సార్ మొదలు ఇంగ్లీషులో చదువుతాడట, తర్వాత అదే తెలుగులో విడదీసి చెప్తాడట. “పిల్ల నవ్వుకుంట సదువుతున్నదిరా” అంది.

ఎవరు అడిగారు అమ్మను.

ఏప్రిల్ 2

టెస్టు కాగితం గోడకు అంటించింది. ఈసారి చాలా మటుకు ఒప్పులే. నేను చూడాలని అంటించిందా? నేను చూడకూడదనుకుంటే లోపల పెట్టుకునేది కదా. చూశాను. ఆమె లేనప్పుడు చూశాను.

ఏప్రిల్ 10

ఇవాళ తిండికి ఇంటికి వచ్చాను. చాలా రోజులైంది ఆ వేళకు వచ్చి. మౌనిక ఉల్లిగడ్డలు కోస్తోంది. తల ఎత్తకుండా అంది —

“పరీక్ష కాగితం మీద రెండు తీర్ల ఉంటదన్నా. ఇంగ్లీషుల సమజ్ కాకుంటె తెల్గుల చూడొచ్చు. తెల్గుల మాట అటిటు ఉంటె ఇంగ్లీషు చూడొచ్చు. రెండు నోటికుండాలె. సార్ ఇంగ్లీషు చెప్పబట్టి నాకు తెల్గు మాటలు జారిపోతున్నయ్.”

“అయితే?”

“రేపటిసంది పొద్దుగాల తెల్గుల అడుగుతవా?”

పాత బిట్ బ్యాంకా అన్నాను, ఎగతాళిగా. కాదంది. కొత్త సిలబస్‌ది కావాలంది. ఏ పుస్తకం అన్నాను.

“నువ్వే చూడు” అంది. “నాకు పోనీకి తీరుతలేదు.”

జాలి పడి అడిగిందా, పని పడి అడిగిందా? ముఖం చూశాను. కళ్ళలో నీళ్ళున్నాయి, ఉల్లిగడ్డకు వచ్చినవి. దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. మళ్ళీ గిలక ఇస్తోందేమో. పరీక్ష దగ్గరికి వచ్చింది, ఇంట్లో లొల్లి వద్దు, అన్నను జర మంచి చేసుకుందాం అని… అలా అనుకునే పిల్లే. నాకు తెలియదా.

అలా కాకపోతే? నిజంగానే మాటలు జారిపోతుంటే? అంతశ్చర్మం దగ్గర అంతస్త్వచం పెడితే? ఒక్క బిట్టుతో ఎంత ర్యాంకు పోతుందో సార్ చెప్తుంటే గోడ ఇవతల నుంచి విన్నాను ఒకప్పుడు.

అడుగుతానని అనలేదు. అడగనని కూడా అనలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి ఇది రాస్తున్నాను.

అడగాలంటే ముందు పుస్తకం కావాలి. అట్టే కాదు, లోపల కూడా కొత్తదై ఉండాలి. లోపల కొత్తదో పాతదో ఎలా కనుక్కోవాలి? ఆమెను వెంట తీసుకుపోతే ఒక పూట చదువు పోతుంది. కోఠీవాడిని అడిగితే వాడు అట్ట చూపిస్తాడు. తెలిసిన మనిషి ఒక్కడే. ఆ మనిషిని నేను అడగను. నంబరు ఉందని ఆ రోజు అన్న నోటితో ఇప్పుడు సార్, ఏ పుస్తకం తేవాలి అని అడగాలా? ఆయన అదే గొంతుతో చెప్తాడు కూడా. పేరు రాసి ఇస్తాడు, పాపం అనుకుంటాడు. అడగకుండా ఎలాగో ఒకలాగ, సర్కారు పుస్తకం పక్కన పెట్టుకుని లోపలి బిట్లు ఒక్కొక్కటీ —

గేటు చప్పుడు. స్కూటరు. నాలుగు అయిందా అప్పుడే? నేను ఇంకా ఇంట్లోనే ఉన్నాను. మౌనిక చాప పట్టుకుని నన్నే చూస్తోంది. పోవాలి.